ఒక్క నాడి తడబడితే

ఫ్యాక్టరీల్లో ఫస్ట్ ఎయిడ్ గది చూసుకునే నర్సు పిల్లలు ఈ మధ్య ఎక్కడ కనబడినా "మీ అనుభవం చెప్పండి మేడం" అంటున్నారు. అనుభవం అనగానే ఆపరేషన్ థియేటర్, అంబులెన్సు సైరను లాంటివి వస్తాయనుకుంటారు. నా ఉద్యోగమంతా నాచారంలో ఒక పంపుల ఫ్యాక్టరీలో, గేటు పక్కన ఉన్న చిన్న గదిలో గడిచింది. ఒక మంచం, ఒక అల్మారా, బీపీ మిషను, ఎప్పుడూ వదలని టించరు వాసన. అదే నా సామ్రాజ్యం.

ఆ గదికి వచ్చేవాళ్లలో సగం మందికి జబ్బు ఉండదు, సూపర్‌వైజర్ మీద కోపం ఉంటుంది. తలనొప్పి గోలీ అడుగుతారు, కాసేపు ఫ్యాను కింద కూర్చుంటారు, గోలీ జేబులో వేసుకుని వెళ్లిపోతారు. నేనూ తెలియనట్టే ఉండేదాన్ని. కోపం తగ్గడానికి కూడా కాస్త గాలి కావాలి కదా. అయితే ఎవరు వచ్చినా, అబద్ధమైనా నిజమైనా, ముందు చెయ్యి పట్టుకుని నాడి చూసేదాన్ని. మీకు ఇప్పుడు వేలికి తగిలించే మిషన్లు వచ్చాయి. వాడండి, కాదనను. కానీ అది తీసేశాక ఒకసారి మీ వేళ్లు కూడా పెట్టండి. ఎందుకో ఈ కథ పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది.

తెలంగాణ రావడానికి రెండు మూడేళ్ల ముందు సంగతి. ఎత్తిపోతల పథకాల పనులు జోరుగా సాగుతున్నాయి. మా ఫ్యాక్టరీలో ఏనుగంతేసి పంపులు తయారవుతుండేవి. వాటిని చేత్తో కదిలించేది లేదు. షెడ్డు పైకప్పు కింద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక పెద్ద ఇనుప దూలం, దానికి వేలాడే కొక్కెం, పక్కనే గాలిలో ఒక చిన్న అద్దాల గది. అదే క్రేన్. ఇనుప నిచ్చెన ఎక్కి ఆ గదిలో కూర్చుని నడిపే మనిషి ఒక్కడే ఒక్కడు. క్రేన్ ఆగితే లేత్ మిషను దగ్గర పని అయిపోయిన పంపు అక్కడే ఉంటుంది, కొత్తది ఎక్కదు, పెయింటు వాళ్లు బ్రష్షులు పట్టుకుని ముచ్చట్లు పెడతారు. షెడ్డు షెడ్డంతా ఆ ఒక్క మనిషి చేతిలో ఉండేది.

ఆయన నల్గొండ వైపు నుంచి వయసులో ఉండగా వచ్చినవాడు. మేడిపల్లిలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. భార్య నాచారంలోనే ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. ఆమె తమ్ముడు మా దగ్గరే ఖలాసీ. అంటే పంపుకు ఇనుప తాళ్లు కట్టి, కొక్కేనికి తగిలించి, కింద నిలబడి చేతి సైగలతో పైనున్న బావకు "లేపు, ఆపు, దించు" చెప్పేవాడు. బావ పైన, బామ్మర్ది కింద. ఇద్దరి మధ్య ఒక్క మాట లేకుండా ఇంత బరువు గాలిలో తేలిపోతుంటే చూడ్డానికి నేను పని మానుకుని వెళ్లిన రోజులున్నాయి.

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉండేది. ఎవరి మిషను వాళ్లది, ఎవరికీ నేర్పరు. లేత్ వాళ్లు సెట్టింగు పెట్టేటప్పుడు అప్రెంటిసు కుర్రాళ్లను చాయ్‌కి పంపేవారు. మా క్రేన్ ఆయన ఇంకా ఘనుడు. ఎవరైనా పైకి వస్తే క్రేన్ నడిపే లివర్లు కనబడకుండా వాటి మీద తువ్వాల పరిచేవాడు. అడిగితే నవ్వి, "నేర్పితె రేపు నన్నెందుకు ఉంచుకుంటరు సిస్టరమ్మా" అనేవాడు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. నేర్పిన తర్వాత ఇంటికి పోయినవాళ్లను వాళ్లు కళ్లారా చూశారు. కాబట్టి మేనేజర్ ఎన్నిసార్లు రెండో మనిషిని తయారు చేయమన్నా, ఆ రెండో మనిషి తయారు కాలేదు.

ఒకరోజు ఆయన నా గది గుమ్మంలో నిలబడ్డాడు. గోలీ అడగలేదు. ఫ్యాను వైపు కూడా చూడలేదు.

"గుండెల ఏందో గడబిడ అయితుంది సిస్టరమ్మా. నిచ్చెనెక్కితె దమ్మొస్తుంది."

కూర్చోబెట్టి చెయ్యి పట్టుకున్నాను. నాడి రెండు దెబ్బలు గబగబా కొట్టి, కాసేపు మరిచిపోయి, మళ్లీ గుర్తొచ్చినట్టు ఒకటి కొట్టి, వెంటనే ఇంకో మూడు. కొత్తగా డప్పు మెడలో వేసుకున్నవాడు కొట్టినట్టు ఉంది. ఎంతసేపు చూసినా ఒక వరస దొరకలేదు. బీపీ మిషను మాత్రం ఒక అంకె చూపించి, అంతా బాగానే ఉందన్నట్టు మెరుస్తోంది.

మా ఫ్యాక్టరీ డాక్టరుగారు వారానికి రెండుసార్లు వచ్చే పెద్దాయన. ఒక చెవి సరిగా వినపడదు, కానీ స్టెతస్కోపు పెడితే గోడ అవతల సంగతులు కూడా వినేవారు. చాలాసేపు విని, పెద్ద దవాఖానాకు రాసిచ్చారు. అక్కడ పరీక్షలు చేసి చెప్పింది ఇది. గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా ఊరికే వణుకుతున్నాయి. రక్తం అక్కడ నిలిచి గడ్డ కట్టొచ్చు. ఆ గడ్డ మెదడుకు ఎక్కితే పక్షవాతం. వయసు పెరిగేకొద్దీ చాలామందికి వచ్చేదేనట, అరుదైన జబ్బేమీ కాదట. వేగం తగ్గడానికి ఒక మాత్ర, రక్తం గడ్డ కట్టకుండా ఇంకో మాత్ర. రెండోది మరీ ఎక్కువైతే రక్తం కారుతుంది, తక్కువైతే పని చేయదు. కాబట్టి నెల నెలా రక్తపరీక్ష తప్పదు. ఇక ఎత్తులు ఎక్కడం వద్దన్నారు.

పక్షవాతం అన్న మాట వినగానే నాకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. అంతకు కొన్నేళ్ల ముందు మా గేటు దగ్గర వాచ్‌మన్ ఒకాయన ఉండేవాడు. ఒక పొద్దున కుర్చీలోనే ఒరిగిపోయాడు. ప్రాణం దక్కింది, కుడివైపు దక్కలేదు. ఆయన్ని చూసుకోవడానికి కూతురు బడిలో టీచరు ఉద్యోగం మానేసింది. ఆ బడిలో ఆమె దగ్గర చదివిన పిల్లలకు నెలల తరబడి లెక్కల టీచరు లేదని తర్వాత తెలిసింది. వాచ్‌మన్ గుండెకూ, ఎక్కడో పిల్లల లెక్కలకూ ఉన్న సంబంధం అప్పుడు మొదటిసారి నా బుర్రకెక్కింది.

క్రేన్ ఆయన్ని కింద పనికి వేశారు. చర్లపల్లి నుంచి అద్దెకు ఒక ఆపరేటర్ వచ్చేవాడు, అదీ అతనికి వీలైన రోజుల్లో. వచ్చిన రోజు పని నత్త నడక, రాని రోజు అదీ లేదు. మా మనిషి కింద నిలబడి తన క్రేన్‌ను ఇంకొకడు కుదుపుతుంటే చూస్తూ పళ్లు కొరుక్కునేవాడు.

ఇక రక్తపరీక్ష రోజు. మన దగ్గర దవాఖానాకు ఎవరినీ ఒంటరిగా పంపరు కదా. ఆయన వెంట భార్య, భార్య తమ్ముడు, ఘట్‌కేసర్‌లో పాలు పోసే ఆయన సొంత అన్న. పొద్దున్నే ఆటోలో బయల్దేరితే రక్తం ఇవ్వడానికి ఒక లైను, రిపోర్టుకు ఇంకో లైను, డాక్టరును చూడడానికి మరో లైను. ఇల్లు చేరేసరికి సాయంత్రం. మాత్ర సగం పెంచమనో, అలాగే ఉంచమనో ఒక్క ముక్క చెప్పించుకోవడానికి నలుగురి రోజు పోయేది. తాళ్లు కట్టే ఖలాసీ కూడా లేడు కాబట్టి, అద్దె ఆపరేటర్ వచ్చినా పైన కూర్చుని బీడీ కాల్చుకునేవాడు. మందుల కంపెనీలో ఈమె ప్యాకింగ్ బల్ల ఖాళీ. ఘట్‌కేసర్‌లో ఎవరింట్లోనో పాలు రావు.

మూడు నెలలు చూసి మేనేజర్ నన్ను పిలిచారు. గుంటూరు వైపు మనిషి. మాట కరుకు, మనసు మరీ అంత కాదు. కానీ ఆర్డరు నెత్తిమీద ఉన్నప్పుడు ఆ మనసు కనబడేది కాదు. "ఆయనకి ఇవ్వాల్సింది ఇచ్చి సెటిల్ చేసేద్దామండీ. అన్‌ఫిట్ అని మీ డాక్టరుగారితో రాయించండి" అన్నారు.

నేను లెక్కలు కట్టుకుని పోలేదు. నాకు తెలిసిన మనుషులను చెప్పాను. వాచ్‌మన్ సంగతి, ఆయన కూతురి సంగతి చెప్పాను. ఉద్యోగం పోతే ఈయన మొదట మానేది రక్తపరీక్ష అని, అది మానితే ఒకరోజు పడిపోతాడని, అప్పుడు భార్య ప్యాకింగ్ మానుతుందని, తమ్ముడు అక్కకు ఆసరాగా సగం రోజులు రాడని చెప్పాను. "ఆయన్ని తీసేస్తే ఒక మనిషి ఖర్చు తగ్గుతుందనుకుంటున్నారు సార్. ఆ ఖర్చు గేటు దాటి బయటికి పోతుందంతే, ఎక్కడికీ మాయం కాదు" అన్నాను. ఉప్పల్‌లో ఒక ల్యాబ్ ఉందని, వాళ్ల మనిషి బండి మీద వచ్చి నా గదిలోనే రక్తం తీసుకుపోతాడని, రిపోర్టు ఫోనులో దవాఖానా డాక్టరుకు చెబితే మాత్ర సరిచేస్తానన్నాడని కూడా చెప్పాను. ఆ డాక్టరును ఒప్పించడానికి నేను అంతకు ముందే రెండుసార్లు వెళ్లి వచ్చాను.

మేనేజర్ ఓపిగ్గా విన్నారు. విని, బయటి మనుషులు గేటు లోపలికి వస్తే బాధ్యత ఎవరిదన్నారు. ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారన్నారు. చివరికి ఇలా అన్నారు:

"మీరు చెప్పేది నిజమేనండీ. కానీ నా పంపులు ఎవరు లేపుతారు? ఇంకొకడికి క్రేన్ నేర్పమనండి, అప్పుడు ఆలోచిద్దాం. ఈ ఆర్డరు పోయేదాకా చూస్తాను."

"నేర్పాక తీసేయనని మాటిస్తారా సార్?"

"అది నా ఒక్కడి చేతిలో లేదండీ."

ఆ జవాబు పట్టుకుని ఆదివారం మేడిపల్లి వెళ్లాను. ఆ ఇంట్లో నాకు జరిగిన మర్యాదకు తక్కువేమీ లేదు. రెండు చాయ్‌లు, ఒక ప్లేటు సర్వపిండి. తింటూనే ఇంటామెను కసిరాను. నలుగురెందుకమ్మా, ఆయన కాళ్లు బాగానే ఉన్నాయి కదా, ఒక్కరు పోతే చాలదా అన్నాను. ఆమె నా మీద కోపం తెచ్చుకోలేదు.

"ఆయనొక్కడే పోతె దారిల ఏమన్న అయితె నాకెవరు చెప్తరు సిస్టరమ్మా? ఆ దినం నేను పనికి పోయిన అనుకో. చేతులు డబ్బాలు కడ్తయి, పానం దవాఖానల ఉంటది. రెండుసార్లు లేబుల్ తప్పు అంటించిన. లీవు పెట్టినా పెట్టకున్నా ఆ దినం నేను పనిల లేనట్టే."

చేతిలో ఉన్న సర్వపిండి ముక్క తిరిగి ప్లేటులో పెట్టాను. నేను మేనేజర్ ముందు అప్పగించిన పాఠంలో ఈ ముక్క లేదు. రాని మనుషులను లెక్కపెట్టాను గానీ, వచ్చి కూడా లేని మనుషులు ఉంటారని నాకు తట్టలేదు.

క్రేన్ నేర్పే మాట ఎత్తగానే ఆయన ముఖం తిప్పుకున్నాడు. "నేర్పిన తెల్లారి గేటు బయట ఉంట" అన్నాడు. నా దగ్గర ఇవ్వడానికి హామీ ఏదీ లేదు. మేనేజర్ అన్నది అన్నట్టే చెప్పాను. తీపి పూసి చెప్పడం నాకు చేతకాదు. బస్సులో తిరిగి వస్తూ, ఈ సంగతి ఇక తేలేది కాదనుకున్నాను.

కొన్ని వారాల తర్వాత భోజనాల వేళ క్యాంటీన్‌కు పోతూ షెడ్డులోకి తొంగి చూశాను. ఆ వేళ అక్కడ పిట్ట కూడా ఉండకూడదు. కానీ పైన క్రేన్ కదులుతోంది. ఉత్త కొక్కెం, బరువేమీ లేదు. కింద మా మనిషి చెయ్యెత్తి నిలబడ్డాడు. పైన అద్దాల గదిలో బామ్మర్ది, ముఖం నిండా చెమట. అతని పక్కన మెయింటెనెన్స్ ఫోర్‌మన్ కూర్చుని లివర్ల మీద ఒక కన్నేసి ఉన్నాడు. ఆయన, మా మనిషి ఒకే ఏడాది చేరినవాళ్లు. నన్ను చూసి మా మనిషి చెయ్యి దించేశాడు.

"ఎవ్వలకు చెప్పకు సిస్టరమ్మా. నా ఎంబడి తిరిగి తిరిగి వాని హాజరు గూడ పోతుంది. నా కుర్చీ పోతె పోనియ్. ఇంట్ల ఒక్కడన్న నిలబడాలె గద."

ఎవరికీ చెప్పలేదు. ఫోర్‌మన్ పక్కన లేకుండా ఒక్క అడుగు కూడా కదపొద్దని మాత్రం గట్టిగా చెప్పాను. అప్పటి నుంచి భోజనాల వేళ నేను కాస్త ఆలస్యంగా తినేదాన్ని. తువ్వాల పరిచి దాచుకున్న విద్యను ఆ మనిషి సైగ సైగగా కిందికి దించుతుంటే, చూడకుండా అన్నం తినబుద్ధి అయ్యేది కాదు. ఒక్కో రోజు ఆయనకు కోపం వచ్చి, కొక్కెం ఊగిందని బామ్మర్దిని తిట్టేవాడు. నాడి పెరుగుతుందని నేను ఆయన్ని తిట్టేదాన్ని.

ఆర్డరులో చివరి పంపు పోవాల్సిన రోజు బంద్ వచ్చింది. అప్పట్లో బంద్‌లు మనకు పండగల కంటే ఎక్కువగా ఉండేవి. ఉప్పల్ చౌరస్తాలో బస్సులన్నీ ఆగిపోయాయి. దగ్గర్లో ఉన్నవాళ్లు పొద్దున్నే బండ్ల మీద సందుల్లోంచి చేరారు. నేను మల్కాజిగిరి నుంచి నడిచి వచ్చాను. ముందు రోజే వచ్చిన ట్రైలర్ లారీ షెడ్డులో నిలబడి ఉంది. సాయంత్రం రోడ్లు తెరుచుకోగానే అది కదలాలి. కదలకపోతే అవతల పంపు కోసం కాచుకుని కూర్చున్న ఇంజినీర్లు ఊరుకోరు. చర్లపల్లి ఆపరేటర్ రాలేదు, వచ్చే దారీ లేదు.

మధ్యాహ్నం దాకా మేనేజర్ ఫోన్లు చేస్తూ తిరిగారు. తర్వాత మా మనిషి దగ్గరికి వచ్చారు. కబురందుకుని నేను షెడ్డులోకి పరుగెత్తేసరికి మేనేజర్ గొంతు చాలా మెత్తగా ఉంది. అది నన్ను ఎక్కువ భయపెట్టింది.

"ఒక్క లిఫ్ట్ అండీ. ఒక్కసారి ఎక్కి దిగిపోండి. మీ సంగతి నేను చూసుకుంటాను."

మా మనిషి నిచ్చెన మీద చెయ్యి వేశాడు. పైకి చూశాడు. ఆ చూపులో ఆశ ఉంది, అది నాకు స్పష్టంగా కనబడింది. ఎక్కితే కుర్చీ తిరిగి వస్తుందేమో. ఎక్కకపోతే, ఆర్డరు పోయేదాకా అని మేనేజర్ ఇచ్చిన గడువు ఈ రోజుతో సరి. నేను వెళ్లి నిచ్చెనకు అడ్డంగా నిలబడ్డాను. నేను ఎత్తూ కాదు, లావూ కాదు. అయినా నిలబడ్డాను.

"పైన ఈయనకు కళ్లు తిరిగితే పంపు కిందున్న వాళ్ల మీద పడుతుంది సార్. ఈయన పడితే ఆ రక్తం ఆపడం నా వల్ల కాదు" అన్నాను. షెడ్డులో ఉన్న కాసినిమందీ మా వైపే చూస్తున్నారు. మా మనిషి నిచ్చెన మీద నుంచి చెయ్యి తీశాడు. తీసి, ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"మా బామ్మర్ది ఎక్కుతడు సార్."

"వాడికి వచ్చా?"

"నేర్పిన."

ఇరవై ఏళ్లు లివర్ల మీద తువ్వాల పరిచిన మనిషి నోట ఆ మాట వినడం ఏమిటో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. తన ఉద్యోగాన్ని అందరి ముందూ తన చేత్తో తీసి బల్ల మీద పెట్టినట్టే. లేత్ దగ్గర ముసలాయన ఒకాయన తల అడ్డంగా ఊపాడు. మేనేజర్ ఫోర్‌మన్ వైపు చూస్తే, "పనికొస్తడు సార్, నేను గూడ పైన కూసుంట" అన్నాడు ఆయన. మేనేజర్ ముందు ఒక చిన్న బరువు లేపి చూపించమన్నారు. లేపాడు, దించాడు. ఊగలేదు. ఇక దిగి వచ్చి పెద్దదానికి తాళ్లు తానే కట్టాడు.

బామ్మర్ది మళ్లీ నిచ్చెన సగం ఎక్కినవాడు ఆగి, కిందికి తిరిగాడు.

"ఒక్క మాట సార్. బావ చెయ్యి ఊపితెనే నేను దించుత. ఇంకెవరు ఊపినా గాలిల్నే ఉంచుత."

"ఎవరు ఊపితే ఏంట్రా, అన్నీ అవే సైగలేగా?"

"మీకు అవే సార్. నాకు గాదు."

మేనేజర్ ముఖంలో ముందు విసుగు, తర్వాత అనుమానం, ఆ తర్వాత ఏదో అర్థమైన చిన్న నవ్వు వరసగా వచ్చి వెళ్లాయి. తప్పుకుని దారిచ్చారు. మా మనిషి వెళ్లి ట్రైలర్ పక్కన, ఖలాసీలు నిలబడే చోట నిలబడ్డాడు. ఇన్నేళ్లు పైనుంచి కిందికి చూసినవాడు కింది నుంచి పైకి చూశాడు. చెయ్యెత్తాడు.

పంపు నేల వదిలింది. నేను పంపును కాదు, ఆయన చేతిని చూశాను. లోపల గుండె తన ఇష్టం వచ్చినట్టు కొట్టుకుంటూ ఉంటుందని నాకు తెలుసు. ఆ చెయ్యి మాత్రం ఎక్కడా తొట్రుపడలేదు. అరచెయ్యి కొంచెం వంచితే పంపు కొంచెం దిగింది, పిడికిలి బిగిస్తే ఆగింది. ట్రైలర్ మీద అది కూర్చున్నప్పుడు చెక్కలు కిర్రుమన్నాయి, అంతే. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. దుమ్ము పడిందని చెప్పి, నేనే అందరికీ చాయ్ తెప్పించాను.

తర్వాత బామ్మర్దిని అడిగాను, ఆ మాట ముందే అనుకుని అన్నావా అని. "లే సిస్టరమ్మా, భయానికి అన్న. ఆయన తిట్టకుంటె నా చెయ్యి ఆడదు" అన్నాడు. భయంతో అన్న మాటే బావను గేటు లోపల నిలబెట్టింది. మేనేజర్ సెటిల్‌మెంట్ మాట మళ్లీ ఎత్తలేదు. అప్పటి నుంచి రోజూ పైన బామ్మర్ది, కింద సైగలకు బావ.

ఇక్కడితో అయిపోలేదు. మరుసటి నెల రక్తపరీక్ష రోజు మా మనిషి మామూలుగా లీవు పెట్టి భార్యతో, అన్నతో దవాఖానాకు వెళ్లాడు. బామ్మర్ది మాత్రం డ్యూటీకి వచ్చాడు, క్రేన్ ఎక్కాడు, కూర్చున్నాడు. కింద కొత్త ఖలాసీ ఎంత చెయ్యి ఊపినా కొక్కెం కదల్లేదు. మాటంటే మాటే. షెడ్డు మళ్లీ ఆగింది. మేనేజర్ అరిచారు, బతిమాలారు. చివరికి ఏ రోజూ నా గదిలో అడుగు పెట్టని మనిషి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"ఆ ల్యాబ్ వాళ్లు ఎక్కడుంటారన్నారు?"

"ఉప్పల్‌లో సార్."

"గేట్ పాస్ రాయిస్తాను. వచ్చే నెల నుంచి ఇక్కడికే రమ్మనండి. ఆయనొక్కడికేనండోయ్."

నేను నోరు నొప్పి పుట్టేలా అంతసేపు చెప్పినప్పుడు ఎక్కని సంగతి, ఒక మొండివాడు చేతులు కట్టుకుని కూర్చుంటే ఎక్కింది. నాకేమీ చిన్నతనం అనిపించలేదు. పని అయితే చాలు, ఎవరి మాటతో అయిందన్నది నాకెందుకు? ఇక ఆయనొక్కడికే అన్న నిబంధన మూడో నెల కూడా చూడలేదు. షుగరు వాళ్లు వచ్చారు, థైరాయిడ్ వాళ్లు వచ్చారు. నాలుగో నెలలో మేనేజరే చొక్కా చెయ్యి మడుచుకుంటూ వచ్చి, తలుపు వేయమన్నారు. ఆయనకు షుగరు ఉందని ఆ రోజే తెలిసింది. నాడి కూడా చూశాను. అది సరిగ్గానే ఉంది.

రక్తం ఇవ్వడానికి మా మనిషికి చాయ్ తాగేంత సేపు పట్టేది. మూడు నెలలకోసారి మాత్రం దవాఖానాకు వెళ్లి డాక్టరును చూసేవాడు. అప్పుడు భార్య ఒక్కతే వెంట వెళ్లేది. ఘట్‌కేసర్ అన్న తన పాల డబ్బాల దగ్గరికి తిరిగిపోయాడు. మిగతా నెలల్లో ఆమె భోజనాల వేళ తన కంపెనీ గేటు దగ్గరి ఫోన్ నుంచి నా గదికి చేసేది. "అయ్యిందా సిస్టరమ్మా?" "అయ్యింది. అంతా మంచిగనే ఉంది." అంతే. పెట్టేసి ప్యాకింగ్‌కు పోయేది. ఆ తర్వాత లేబుల్ ఎప్పుడూ తప్పు అంటించలేదట. నాకు పెద్ద పతకం ఇచ్చినట్టు చెప్పుకుంది.

జబ్బు ఖరీదు అంటే మందుల చీటీ, దవాఖానా బిల్లు అని మనం అనుకుంటాం. ఆ రెండూ కనబడతాయి కాబట్టి వాటినే చూస్తాం. ఇంత మామూలు జబ్బు, ఊరూరా ఉన్న జబ్బు, ఎన్ని షెడ్లను ఆపుతోందో, ఎన్ని బడుల్లో టీచర్లను మాన్పిస్తోందో, ఎంతమంది మనసును పని మీద నుంచి లాక్కుపోతోందో చూసేవాళ్లు లేరు. నేనూ పెద్దగా చూసింది లేదు. నా గది కిటికీలోంచి ఎంత కనబడితే అంతే చూశాను. మీ కిటికీలు మా కాలం కంటే పెద్దవి. ఇంకా ఎక్కువ కనబడాలి.

కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాదే నేను రిటైరయ్యాను. శాలువా కప్పారు, గడియారం ఇచ్చారు. క్రేన్ బావా బామ్మర్దులు నన్ను షెడ్డులోకి తీసుకుపోయి, ఉత్త కొక్కేన్ని నా ఎదురుగా దించి, మళ్లీ లేపి చూపించారు. సైగ చేసింది బావే. ఏ కార్యక్రమంలోనూ నాకంత గౌరవం జరగలేదు.

రిటైరయ్యాక మొదటి నెలలో ఒకరోజు ఇంట్లో ఏ పనీ ముందుకు సాగడం లేదు. పప్పు ఏరుదామని కూర్చుని, రాళ్లు పళ్లెంలో ఉంచి పప్పు అవతల పారేశాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. చాయ్‌లో చక్కెర వేశానో లేదో తెలియక రెండోసారి వేశాను. వయసు మీద పడిందని నన్ను నేనే తిట్టుకుంటూ ఉండగా, భోజనాల వేళకు ఫోన్ మోగింది. క్రేన్ ఆయన భార్య.

"సిస్టరమ్మా, అయ్యింది. అంతా మంచిగనే ఉందంట. మీకు మనసు కొట్టుకుంటదని చేసిన."

అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు ఆయన రక్తపరీక్ష అని. ఫోన్ పెట్టేసి, పళ్లెం ముందుకు జరుపుకుని, పప్పు మొదటి నుంచి ఏరాను.